పెట్టే చెయ్యి

హౌరాకి ఏటి అవతల గార్డెన్ రీచ్‌లో రేవు కూలీలుండే లైన్లలో కామాక్షమ్మ నోరు ఎంత చెడ్డదో చెయ్యి అంత మంచిది. గుమ్మంలోకి వచ్చినవాణ్ణి నానా మాటలూ అనేది, అంటూనే మూడో మారు అన్నం వడ్డించేది. వద్దని చెయ్యి అడ్డం పెడితే ఆ వేళ్ళ మీదే గుమ్మరించేది. శ్రీకాకుళం నుంచి కొత్తగా దిగినవాళ్ళు పని దొరికేదాకా ఆవిడింట్లోనే తినేవారు.

వానలు వరసగా మొహం చాటేసిన కాలమది. ఇటు పురూలియాలోనూ అటు శ్రీకాకుళంలోనూ నేల నెర్రెలు విచ్చింది. కామాక్షమ్మ కూతురు ఊళ్ళోనే చచ్చిపోయింది. అల్లుడు పని వెతుక్కుంటూ ఎటో పోయాడు. వాళ్ళ పిల్లలిద్దరినీ అల్లుడి తమ్ముడు సూరన్న రైల్లో తెచ్చి హౌరాలో ఆవిడకప్పగించాడు. బైరాగికి ఏడేళ్ళు, తవిటికి నాలుగు. పాదాలు వాచి, మొహాలు పీక్కుపోయి, ఏడవడానికైనా ఓపిక లేకుండా ఉన్నారు.

కరువు తరిమితే నగరానికొచ్చి పడ్డవాళ్ళకని ఓ సేవాసంఘం రేవు పక్క మైదానంలో డేరాలు వేసి కిచిడీ పెడుతోంది, మందులిస్తోంది. కామాక్షమ్మ పిల్లల్ని నేరుగా అక్కడికే తీసుకెళ్ళింది. శేఫాలి అనే నర్సు వాళ్ళని చూసి పాలపొడి పొట్లాలిచ్చింది. పల్చగా కలిపి చెంచాతో కొంచెం కొంచెం పట్టమంది, తను చెప్పేదాకా అన్నం ముట్టించొద్దంది. ఎండిపోయిన ఒళ్ళు ఒక్కసారిగా తిండికి తట్టుకోలేదని, డేరాలోనే ఉంచితే మంచిదని బెంగాలీలో నెమ్మదిగా రెండుసార్లు చెప్పింది.

కామాక్షమ్మకి ఒళ్ళు మండింది. ఊరందరికీ గంగాళాలతో పోస్తూ నా పిల్లలకొచ్చేసరికి చెంచాలా, పిసినిగొట్టు మనుషులని తిట్టుకుంటూ ఇంటికొచ్చి చేపల పులుసు కాచింది. తవిటి రెండు ముద్దలు తిని నిద్రపోయింది. బైరాగి మాత్రం ఇంకా ఇంకా అన్నాడు. అన్నకొద్దీ కలిపి పెట్టింది. కడుపు నిండాక వాడు నవ్వాడు. అది చూసి ఆ వెర్రితల్లి మురిసిపోయింది.

మర్నాడు వాడికి ఆయాసం పట్టుకుంది. చేతుల మీద వేసుకుని డేరాకి పరిగెత్తింది. శేఫాలి చేయగలిగిందంతా చేసింది. మధ్యాహ్నానికి వాడి గుండె ఆగిపోయింది. ఏం తిన్నాడని నర్సు అడిగితే కామాక్షమ్మ చెప్పింది. నర్సు వాడి మొహం మీదికి దుప్పటి లాగింది. తిట్టినా బాగుండేది.

ఇక తవిటిని పట్టుకుని డేరాలోనే కూర్చుంది. నర్సు చెప్పినట్టే చెంచాతో పట్టేది, మూతి తుడిచేది. కాస్త అవతల జనం వరసగా కూర్చుని కిచిడీ తింటుంటే పిల్ల అటే చూసేది. ఓపిక రాగానే అడగడం మొదలుపెట్టింది.

"అన్నకెట్టినావు కదేటి అమ్మమ్మా. నాకెందుకెట్టవు?"

కామాక్షమ్మ ఆ కిచిడీ వాసన తగలకుండా పిల్లని ఒళ్ళోకి లాక్కుని కొంగు కప్పింది. అది గింజుకుని ఏడ్చింది, గోళ్ళతో రక్కింది. ఆవిడ వదల్లేదు. తనూ అన్నం మానేసింది. దేవుడా, దీన్నైనా ఉంచు అని రోజంతా లోలోపల ఏడ్చేది.

తవిటి పాదాల వాపు దిగింది. ఒక పొద్దున్న శేఫాలి మెత్తగా ఉడికిన అన్నం చిన్న గిన్నెలో తెచ్చి, ఇవాళ కొంచెం పెట్టొచ్చు మాషీ అంది. కామాక్షమ్మ ముద్ద కలిపింది. పిల్ల నోరు తెరిచింది. ఆవిడ చెయ్యి మాత్రం లేవలేదు.

"నా చేత్తో వొద్దు దీదీ. నువ్వే ఎట్టు."

శేఫాలి గిన్నె అందుకునేలోగా తవిటి రెండు చేతులతో అమ్మమ్మ మణికట్టు పట్టుకుని ముద్దని నోట్లోకి లాక్కుంది. మెతుకు కింద పడనీయకుండా తిని మళ్ళీ నోరు తెరిచింది.

కామాక్షమ్మ ఇంకో ముద్ద చేసింది. దాన్ని చూసి సగం తీసేసింది. మిగిలినదాంట్లోంచి మళ్ళీ సగం తీసేసింది.