తిట్లు మింగేసిన ప్రోగ్రాం

నేను అక్షరాలు దిద్దింది మనవలు పుట్టాక. అందుకే కంప్యూటరు ముందు కూర్చున్నవాళ్లంతా నాకంటే తెలివైనవాళ్లే అనుకునేదాన్ని. ఆ గౌరవం మొన్నటి కాఫీ కోతల్లో వానకి కొట్టుకుపోయింది.

మాది అరకు దాటి ఎక్కాల్సిన కొండ ఊరు. ఊరందరికీ కలిపి ఒకటే సిమెంటు కళ్లం. పండు తొక్క తీసి, గింజల్ని కడిగి దానిమీదే ఆరబెడతాం. ఆరే గింజ తడిసిందంటే బూజు వాసన పడుతుంది. ఇక మంచి కాఫీ కొనే కంపెనీవాళ్లు దాన్ని ముట్టరు. సంతలో షావుకారు మాత్రం మనకేదో ఉపకారం చేస్తున్నట్టు మొహం పెట్టి తీసుకుంటాడు. ఏడాది చాకిరీ అంతా ఆ కళ్లంమీదే పరిచి ఉంటుంది.

కోతలనాటికి మంచు దిగి పై కొండ కనపడదు. అక్కడ వాన మొదలైన కాసేపటికి మా నెత్తిన పడుతుంది. అందుకని మా రైతు సంఘం కొండమీద వాన కనిపెట్టే మిషనొకటి పెట్టించింది. సంఘం గదిలో కంప్యూటరు, కళ్లం పక్కన మైకు. కంప్యూటరులోని ప్రోగ్రాం గంటగంటకీ "కొండమీద వాన ఉందా" అని మిషనుని అడిగి, వచ్చిన జవాబుని మైకులో చెప్పాలి. దాన్ని రాసినవాడు అరకు సంతదారిలో జిరాక్సు షాపు పెట్టుకున్న, మైదానం నుంచి వచ్చిన కిందిదేశం మనిషి, నలభై దాటినవాడు. మొదటిరోజు కొబ్బరికాయ కొట్టి, "మామ్మా, ఇంక నువ్వు ఆకాశం చూడక్కర్లేదు" అన్నాడు. మెడనొప్పి తగ్గుతుందని నేనూ సంతోషించాను.

ఒక మధ్యాహ్నం మైకు "వాన లేదు" అంది. ఆడగొంతు, తేనె పూసినట్టుంటుంది. ఆ మాట చెవిలో ఉండగానే నా ముక్కుమీద చినుకు పడింది. నేనూ మా వదినా బరకాలు లాక్కొచ్చి కప్పేలోపు ఇద్దరి గింజల్లో సగం నీళ్లలో తేలాయి. వాన దంచుతూనే ఉంది, మైకు మళ్లీ "వాన లేదు" అంది.

"దీని నోట్లో మన్నడ! తడిసి సత్తన్నాం కదే!" అని వదిన మైకుమీదకి చీపురు విసిరింది.

మర్నాడు షాపతను వచ్చాడు. వస్తూనే, "ప్రోగ్రాంలో తప్పేం లేదు మామ్మా. కొండమీద తీగ తెగింది, అంతే" అన్నాడు.

"తీగ తెగితే వాన లేదని ఎలా సెప్పింది బాబూ?"

అతను తెరమీద నల్లటి కిటికీ ఒకటి తెరిచి, ప్రోగ్రాం రోజూ ఇచ్చే ఆదేశాన్నే తన చేత్తో కొట్టాడు. ఇంగ్లీషులో ఒక వరస వచ్చింది. నాకు తెలుగే కూడబలుక్కుంటే గాని రాదు.

"ఏటి రాసిందది?"

"మిషను దొరకలేదు అని."

"మరి దానికి తెల్సు కదా! మైకులో ఎందుకు సెప్పలేదు?"

అతను తల గోక్కున్నాడు. "ఆదేశం ఇస్తే మామూలు జవాబు ఒక దారిన వస్తుంది మామ్మా. ఏదైనా తేడా జరిగితే ఆ గొడవ ఇంకో దారిన వస్తుంది. నా ప్రోగ్రాం మొదటి దారిలో వచ్చిందే పట్టుకుంటుంది."

"రెండో దారిన వచ్చింది ఏటైపోద్ది?"

"పారబోయమన్నాను. తెరనిండా ఆ చెత్త కనపడితే బాగోదని."

"మొదటి దారిన ఏటొచ్చింది మరి?"

"ఏమీ రాలేదు. ఖాళీ. ఖాళీ వస్తే వాన లేదని చెప్పమన్నాను. మౌనం అర్ధాంగీకారం కదా!" అని నవ్వాడు.

నాకు నవ్వు రాలేదు. పెళ్లిచూపుల్లో తల వంచుకున్న పిల్లని చూసి కిందిదేశంవాళ్లు అనుకునే మాట అది. మా కొండల్లో, పిలిస్తే పలకని ఇంటికి జనం పరిగెత్తుకుని పోతారు.

మా ఊళ్లో కబుర్లు మోయడానికి బారిక ఉంటాడు. పొరుగూరివాళ్లని ఏదైనా అడగాలంటే అతన్నే పంపుతాం. అక్కడివాళ్లు ఏమంటే అది, తిట్టయినా సరే, అన్న తీరునే తెచ్చి అప్పజెప్పాలి. తలుపేసి ఉంటే తలుపేసి ఉందనాలి. ఒకసారి మా మామ దుక్కికి ఎద్దుని అడగమని పంపితే, బారిక తిరిగొచ్చి ఊరందరి ముందూ చేతులు ఊపుతూ, "పోయినేడు ఇచ్చిన ఎద్దుని ఎముకలగూడు సేసి తోలాడు, సిగ్గు లేదా ఆ ముసలోడికి, అన్నారు" అన్నాడు. మామ మొహం మాడిపోయింది. అయినా ఆనవాయితీ ప్రకారం బారికకి జీలుగు కల్లు పోయించి, ఇంకో ఇంటికి పంపాడు. తీపి మాటలే ఏరుకొచ్చేవాణ్ణి నమ్ముకుని ఉంటే ఆ ఏడు మా చేను బీడే.

ఇదంతా షాపతనికి చెప్పి, "నీ ప్రోగ్రాంని కొన్నాళ్లు మా బారికకాడ పనికి పెట్టు. రెండు దారుల్లోనూ దోసిలి పట్టడం నేర్పుతాడు" అన్నాను. మూతి ముడుచుకున్నాడు గాని మార్చాడు. టీ చల్లారేలోపు అయిపోయింది. ఆ కాస్త పని ముందు చెయ్యనందుకు మా కాఫీ సగం బలి.

మిగిలిన సగం కళ్లంమీదే ఉంది. కంపెనీ బండి వచ్చేవారం. అదైనా పొడిగా బండెక్కాలి.

కొండమీద తెగిన తీగా కలిపారు. కొన్ని రోజులు ఎండ కాసింది. తరవాత ఒక పొద్దున అదే తేనె గొంతు, "కొండమీద మిషను పలకడం లేదు. వాన ఉందో లేదో నాకు తెలియదు" అంది.

"తెలీదని సెప్పడానికి దీనికి కరెంటెందుకు? నేను ఊరికే సెప్తాను" అన్నాడు కళ్లంమీద పక్క వాటాలో గింజలు తిరగేస్తున్న ముసలాయన.

గొణుక్కుంటూనే అందరూ బరకాలు కప్పారు. వాన రాలేదు. మంచు విడిపోయి ఎండ ఫెళ్లున కాసింది. ఆ పూట ఎండపెట్టడం పోయిందని తిట్లన్నీ నాకు.

సాయంత్రం సంఘం పెద్దలు షాపతన్ని పిలిపించారు. పాత మాటే బాగుందట. వింటే ధైర్యంగా ఉండేదట. అతనికి కావలసిందీ అదే, వెంటనే మౌసుమీద చెయ్యేశాడు.

"మార్చు బాబూ" అన్నాను. "కానీ మిషను పలకనప్పుడు వాన లేదనే మాట ఆ ఆడగొంతు సెప్పకూడదు. నువ్వే కొండెక్కొచ్చి, నీ నోటితో మైకులో సెప్పాలి. తడిస్తే ఎవరింటికెళ్లాలో మాకు తెలుస్తాది."

"తేనె పూసుకుని రానక్కర్లేదు. వచ్చి నిలబడితే సాలు" అంది వదిన.

అతను మౌసుమీంచి చెయ్యి తీశాడు. నేను పెద్దల వైపు తిరిగి, "పోనీ, మీలో ఎవరు సెప్తారు?" అన్నాను. ఒకాయనకి దగ్గొచ్చింది. ఇంకొకాయన చెప్పులు వెతుక్కున్నాడు. "ఉన్నది ఉంచెయ్యి మరి" అని లేచారు.

కంపెనీవాళ్లు వచ్చి నా గింజల్ని పిడికిట్లో నలిపి, వాసన చూసి, మారుమాట లేకుండా బండెక్కించుకున్నారు. మైకు ఇప్పటికీ అప్పుడప్పుడూ "నాకు తెలియదు" అంటుంది. జనం దాన్నీ నన్నూ కలిపి తిట్టుకుంటూ బరకాలు లాగుతారు.