నేల నుంచి చెవికి ఎన్ని అంగుళాలు

మా బాబాయి ఎవరు ఎదురైనా ముందు ముఖం చూడడు, చెవి చూస్తాడు. అది నేలకు ఎన్ని అంగుళాల ఎత్తున ఉందో అంచనా కట్టుకున్నాకే "బాగున్నావా?" అంటాడు. నాకు ఉద్యోగం వచ్చిందని చెప్పడానికి పరుగున వెళ్లిన రోజు "ముందు కూర్చో, కూర్చుని చెప్పు" అన్నాడు. ఆప్యాయత అనుకున్నాను. కూర్చోగానే జేబులోంచి టేపు తీసి నేల నుంచి నా చెవి దాకా లాగాడు.

"ముప్పై తొమ్మిది" అని తల పంకించి, "ఆఁ, ఏదో అంటున్నావ్?" అన్నాడు.

ఆయన లిఫ్టు మెకానిక్. తలుపు తెరుచుకునే సరికి లిఫ్టు అడుగూ, ఆ అంతస్తు నేలా ఒకే గీతలో ఉండాలి. ముప్పై ఏళ్లుగా ఆయన బతుకంతా ఆ గీతే. "అర అంగుళం తేడా చాలురా, పెద్ద ఆఫీసరైనా బోర్లా పడతాడు" అంటాడు. అలాంటి మనిషి ఇంట్లోకి రెండు స్పీకర్లు వచ్చాయి. బల్ల మీద పెట్టేవి కావు, నేల మీదే నిలబడే పొడుగువి. పేరంటానికి వచ్చి కూర్చోమన్నా కూర్చోని మొహమాటస్థుల్లా హాల్లో చెరో మూలా నిలబడ్డాయి. వాటి పైభాగాన రూపాయి బిళ్లంత గుండ్రటి బిళ్ల ఉంటుంది. సన్నని స్వరాలన్నీ అందులోంచే వస్తాయి. అది చెవికి సరిగ్గా ఎదురుగా ఉండాలి, లేకపోతే వయొలిన్‌కు జలుబు చేస్తుందని బాబాయి సిద్ధాంతం.

కొన్నాళ్లు అంతా సవ్యంగానే సాగింది. సోఫాలో కూర్చుంటే చెవీ బిళ్లా ఎదురెదురుగా ఉండేవి. బాబాయి కళ్లు మూసుకునేవాడు. పిన్ని హాల్లోనే ఇస్త్రీ బల్ల వేసుకుని, బట్టల ముడతల మీదుగా వయొలిన్ వింటూ ఉండేది.

కిందటేడు తడి బట్టల బకెట్టు ఎత్తబోతే పిన్నికి నడుం పట్టేసింది. నిలువుగీతలా ఉండే మనిషి ప్రశ్నార్థకమై మిగిలింది. రోజూ ఓ అరగంట గోడకు ఆనుకుని నిటారుగా నిలబడాలి, లేకపోతే నడుం అలాగే బిగుసుకుపోతుంది అన్నాడు డాక్టరు.

"గోడకు ఆనించడానికి నేనేమన్నా నిచ్చెననా?" అంది పిన్ని. అంతే. బతిమాలాం, భయపెట్టాం. నేనైతే గోడ పక్కన నిలబడి చేసి చూపించాను. "నీకు బాగా కుదిరింది, అలాగే ఉండు" అని లోపలికి వెళ్లిపోయింది.

సరిగ్గా అప్పుడే బాబాయికి పిచ్చి ముదిరింది. భార్య నడుం వంగిపోతుంటే ఈయన స్పీకర్లు పైకి లేపడం మొదలుపెట్టాడు. లిఫ్టు యంత్రాలు వచ్చే చెక్కపెట్టెలు విప్పి, ఆ పలకలు కోసి, స్పీకర్ల కింద పీఠాలు బిగించాడు. మొదట ఆరంగుళాలు. మూడు వారాలకు మరో అరంగుళం పలక. ఇంకో మూడు వారాలకు మరొకటి. స్పీకర్లు ఎదిగే పిల్లల్లా ఎదుగుతూ పోయాయి.

"పడిపోతాయండీ!" అంది పిన్ని.

"పన్నెండు అంతస్తుల ఎత్తులో ఎనిమిది మందిని వేలాడదీస్తా. ఒక్కడూ పడలేదు."

"వాళ్లు వేలాడితే వేలాడారు. నా ఇంట్లో ఈ ధ్వజస్తంభాలేంటి?"

ఇక వచ్చే పోయే వాళ్ల అవస్థ చెప్పనలవి కాదు. పక్కింటి టీచరమ్మ ఏదో కబురు చెప్పడానికి వచ్చింది. బాబాయి ఆమె చెవి వైపు జాలిగా చూశాడు. "మీరు చాలా కిందున్నారు. ఓ దిండు వేసుకోండి." వేసుకుంది. "చాలదు." ఇంకోటి. నాలుగో దిండు మీద, కాళ్లు నేలకు అందక, టీ కప్పు రెండు చేతులతో పట్టుకుని ఆమె ఊగుతుంటే "ఇప్పుడు వినండి, ఎలా ఉంది?" అన్నాడు.

"దిగాలని ఉందండీ" అంది టీచరమ్మ.

చివరికి పిన్ని నాకు ఫోన్ చేసింది. "ఆదివారం నువ్వొచ్చి మీ బాబాయితో తేల్చు. ఆ స్పీకర్లు కిందికన్నా దిగాలి, ఇంట్లోంచన్నా పోవాలి. పాత సామాన్ల వాణ్ని రమ్మన్నా."

ఆదివారం పొద్దున వెళ్లాను. కిటికీలోంచి ఎండ వచ్చి హాల్లో పొడుగ్గా పడుకుంది. వయొలిన్ మోగుతోంది. పిన్ని వంటింట్లో ఉంది. బాబాయి సోఫాలో తన చోటు నాకిచ్చి పక్కన నిలబడ్డాడు. పాట నా నెత్తి మీంచి వెళ్లిపోతోంది, పొడుగాటి మనుషులు మాట్లాడుకుంటుంటే మధ్యలో ఉన్న పొట్టివాడిలా ఉంది నా పరిస్థితి.

"బాబాయ్, ఇక్కడ కూర్చుంటే ఏమీ సరిగ్గా వినబడదు. నీకు ఎలా వినబడుతోంది?"

"నాకా? ఏడాదిగా నాకూ జలుబు వయొలినే" అన్నాడు తాపీగా.

"మరి ఎవరి చెవి కోసం ఇదంతా?"

బాబాయి వంటింటి వైపు ఓసారి చూసి, స్పీకరు వెనక్కి రమ్మని సైగ చేశాడు. లిఫ్టు గదుల్లో సర్వీసు వివరాలు రాసే కార్డు ఒకటి అక్కడ అంటించి ఉంది. తేదీల కింద బాబాయి ముత్యాల్లాంటి అక్షరాలు.

"నలభై ఆరు. దుప్పటి ఇస్త్రీ. సగంలో ఆపింది."

"నలభై ఏడున్నర. వయొలిన్ గొంతు పట్టిందని సణిగి మెడ ఎత్తింది."

"యాభై. నా చొక్కాలు నాలుగు. నొప్పి అనలేదు."

ఆఖరుది నిన్నటిది: "యాభై మూడు."

అవన్నీ పిన్ని చెవి కొలతలు. పిన్ని చెవి ఉన్నచోటికి ఓ అరంగుళం పైన పాటను పెట్టి, ఆమె దాన్ని అందుకోగానే మరో అరంగుళం పైకి జరుపుతూ వచ్చాడు ఈ మహానుభావుడు. గోడ చేయలేని పని వయొలిన్‌తో చేయించాడు.

"నడుం పట్టేయక ముందు ఎంత ఉండేది?"

"యాభై అయిదు. ఇస్త్రీ బల్ల దగ్గర నిలబడితే."

"ఇప్పుడే వెళ్లి చెప్పేస్తా బాబాయ్!"

ఆయన నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. "చంపేస్తావా? తెలిసిందంటే పంతం కొద్దీ రేపటి నుంచి వంగి నడుస్తుంది. ఇంకా రెండంగుళాలుంది. నన్ను పిచ్చివాణ్ణిగానే ఉండనీ."

ఇంతలో పిన్ని వచ్చేసింది. "తేల్చారా?"

నేను గొంతు సవరించుకున్నాను. "పిన్నీ, ఆలోచిస్తే... ఇంకో రెండంగుళాలు లేపితేనే బాగుంటుందేమో."

"నువ్వూ ఆ జట్టులో చేరావూ!" పిన్ని రెండు చేతులూ నడుం మీద వేసుకుంది. "పాత సామాన్ల వాడు రానీ, ముందు మీ ఇద్దర్నీ ఎత్తి వాడి బండిలో పడేస్తా! ఇల్లా ఇది, లిఫ్టు గుంతా? ఏడాదిగా చూస్తున్నా..."

ఆ ఊపులో ఆమె భుజాలు వెనక్కి వెళ్లాయి, మెడ లేచింది. నేను క్షమాపణ చెప్పబోయాను. బాబాయి మోచేత్తో నన్ను పొడిచాడు. ఆయన కళ్లు పిన్ని చెవి మీదే ఉన్నాయి.

"ఆపకురా" అని గుసగుసలాడాడు. "యాభై నాలుగు దాటింది. ఇంకాస్త తిట్టనీ."