సిరా ఆరేదాకా

ఆ కార్డులు అచ్చేసింది నేనే. అరచేతిలో పట్టే అట్టముక్క, దాని మీద పది గళ్ళు. మా వీధి పచారీ కొట్టులో ఓ మోస్తరుగా సరుకులు కొన్నప్పుడల్లా ఒక గడిలో పువ్వు ముద్ర వేస్తారు. పదీ నిండితే స్టీలు డబ్బా ఉచితం. ఆ పువ్వు ముద్ర, సిరా పెట్టె కూడా నా ప్రెస్సు నుంచి వెళ్ళినవే. కాబట్టి ఆ సిరా సంగతి నాకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. రెండుసార్లు ఊదితే ఆరిపోతుంది.

పిన్ని మాత్రం ఆరలేదనేది.

పిన్ని అంటే కొట్టు యజమానికి పిన్ని. భర్త పోయాక, పిల్లలు లేక, రెండు వీధుల అవతల మేడ మీద ఒంటిగదిలో ఉండేది. ఇంట్లో గోడలతో మాట్లాడుకునే బదులు వచ్చి ముద్రలు వెయ్యమని అతనే పిలిచాడు. మంచివాడే. మంచివాళ్ళతోనే వస్తుంది చిక్కంతా, తిట్టడానికి నోరు రాదు. వీధి మొత్తానికీ ఆమె పిన్నే అయిపోయింది. ఆమె కంటే నాలుగేళ్ళు పెద్దవాణ్ణి, నాక్కూడా.

మొదటి వారంలోనే ఒకాయన తడి కార్డును జేబులో కుక్కుకున్నాడు. పువ్వు కాస్తా మరకైంది. అసలు ముద్రే వెయ్యలేదని కొట్టు ఎగిరిపోయేలా అరిచాడు. "పిన్నీ, ఇకనుంచి ఆరాకే ఇవ్వు," అన్నాడు యజమాని. ఆ మాట ఆమె గట్టిగా పట్టుకుంది. ముద్ర వేసి, కార్డు తనవైపే పెట్టుకుని, సబ్బుపెట్టె అట్టముక్కతో నింపాదిగా విసిరేది.

"కాస్త ఆగండి, ఇంకా తడిగా ఉంది."

ఆ కాస్తలో ఎవరి గోడు వాళ్ళు చెప్పుకునేవాళ్ళు. మోకాళ్ళ నొప్పులు, కూతురి పరీక్షలు, పిల్లి ఈనిన సంగతి. ఆమె చెప్పేది తక్కువ, అడిగేది ఎక్కువ. నన్నయితే ఎప్పుడూ ఒకటే అడిగేది: "ప్రెస్సుగారూ, దగ్గు తగ్గిందా?" నాకు కాగితాల దుమ్ముతో వచ్చిన దగ్గు. అది తగ్గేది కాదని ఇద్దరికీ తెలుసు.

నిలబడ్డవాళ్ళు ఊరికే నిలబడరు కదా. కళ్ళు అరల మీద పడేవి. "అన్నట్టు బల్బు పోయింది, ఒకటివ్వండి." "అన్నట్టు పేస్టు." ఇలా అన్నట్టు, అన్నట్టు అంటూనే ఆ కొట్టు బేరాలు పెరిగాయి. యజమాని అదంతా డబ్బా మహిమ అనుకున్నాడు. నేనేమీ తక్కువ తినలేదు. ఒంటిగాణ్ణి, నెలకు రెండు సబ్బులు ఎక్కువ నాకు. అల్మారాలో పంతొమ్మిది పేరుకున్నాయి.

అంతా సవ్యంగా సాగుతుండగా మెడలో గుర్తింపు బిళ్ళ వేలాడేసుకున్న మిషన్ల కంపెనీ మనిషి ఒకడు వచ్చి వారంరోజులు యజమాని తల తిన్నాడు. కార్డులు పాతబడ్డాయట. ఫోను నంబరు చెబితే చాలట, పాయింట్లు వాటంతటవే పడతాయట. వరసలో ఎవరూ ఆగక్కర్లేదట. మర్నాటికి బల్ల మీద మిషను వెలిసింది. పిన్ని కుర్చీ లేదు.

"విశ్రాంతి తీసుకో పిన్నీ, ఎన్నాళ్ళని కష్టపడతావు," అని, ముద్ర, సిరా పెట్టె ఆమె చేతిలోనే పెట్టి చాలా ప్రేమగా పంపించాడు. ఆమె కష్టపడిందని ఎవరు చెప్పారో!

నాకు ఒళ్ళు మండింది. వెళ్ళి నిలదీశాను.

"నీ కొట్టులో జనంచేత కొనిపించింది డబ్బా కాదయ్యా. పిన్ని దగ్గర ఆగడం."

అతను నవ్వాడు. "కార్డుల ఆర్డరు పోయిందనేగా మాస్టారూ మీ బాధ?"

ఆ బాధ కూడా లేకపోలేదు మరి.

ఆ రోజు మిషను నా ఫోనుకి 'ప్రియమైన మీకు పన్నెండు పాయింట్లు' అని సందేశం పంపింది. ఇంటికి వచ్చి తలుపు వేశాక గమనించాను, పొద్దున్న అతనితో ఆడిన ఆ నాలుగు ముక్కలు తప్ప రోజంతా నేను నోరు విప్పలేదు. తర్వాతి రోజుల్లో ఆ నాలుగు ముక్కలూ లేవు. కొట్టుకి వెళ్ళేవాణ్ణి, నంబరు చెప్పేవాణ్ణి, సబ్బు పట్టుకుని వచ్చేవాణ్ణి. పిన్ని ఎలా ఉందో ఎవరినీ అడగలేదు. అడిగితే వెళ్ళాల్సి వస్తుందని భయం. పనీపాటా లేకుండా ఒక మనిషి గుమ్మంలో ఎలా నిలబడాలో నాకు తెలియదు. నా బతుకులో అదొక్కటే నేర్చుకోలేదు.

నాలుగు నెలల తర్వాత చొక్కా జేబులో పాత కార్డు దొరికింది. తొమ్మిది పువ్వులు, ఒక ఖాళీ గడి. పని దొరికింది కదా అని మధ్యాహ్నమే ప్రెస్సు మూసి బయల్దేరాను.

మేడమెట్లు ఎక్కేసరికి దగ్గు తెర ముంచుకొచ్చింది. నేను తలుపు తట్టక్కర్లేకపోయింది, దగ్గు విని తనే తీసింది. పిన్ని చిక్కిపోయింది. గదిలో మంచం, ఒక కుర్చీ, కిటికీలో తుడిచి పెట్టిన సిరా పెట్టె, ముద్ర.

కార్డు చూపించాను. "ఒక్క గడి మిగిలింది."

"దీనికిప్పుడు డబ్బా ఇవ్వరండీ."

"డబ్బా ఎవరిక్కావాలి?"

ఆమె ముద్రను పెట్టెలో అద్ది, కార్డు మీద గట్టిగా అదిమింది. తీసింది. గడి ఖాళీగానే ఉంది. మళ్ళీ అదిమింది. వాడక సిరా ఎండిపోయింది.

"పడటం లేదండీ," అంది.

కొత్త సిరా సీసా నా సంచిలోనే ఉంది. ముందే ఊహించి తెచ్చాను. కానీ తియ్యబుద్ధి కాలేదు. తీస్తే రెండుసార్లు ఊదేలోపు ఆరిపోతుంది. నేను లేచి రావాలి.

"పడింది లెండి," అన్నాను. "బాగా తడిగా ఉంది. ఆరనివ్వండి."

ఆమె నా మొహంలోకి కాసేపు చూసింది. ఖాళీ గడిని తనవైపు జరుపుకుని, చేతికందిన అట్టముక్కతో నింపాదిగా విసరడం మొదలుపెట్టింది.

"దగ్గు తగ్గిందా?" అంది.