చెవులు కుట్టిన వీడియోలో ఒక చూపు

2022 వేసవి. తమిళనాడు ధర్మపురిలో బస్టాండు వెనక వీధిలో, మేడమీద నా ఎడిటింగ్ గది. ఒకప్పుడు మా తాతగారు మొరప్పూర్ చుట్టుపక్కల ఊళ్లన్నిటికీ డేరా సినిమా తిప్పిన మనిషి. డేరాలు, మిషన్లు, భూములు అన్నీ పోయాక మాకు మిగిలింది సినిమా తెలిసిన చెవి. పెళ్లిళ్ల వీడియోలు, చెవులు కుట్టే వేడుకల వీడియోలు కత్తిరించి వాటికి సంగీతం అమర్చడం నా వృత్తి. దీన్ని చిన్న పని అనేవాళ్లున్నారు. నేను అనను.

సినిమాలో అడుగుకు డప్పు, కన్నీటికి వయొలిన్ తోడు నడుస్తాయి. నా వీడియోల్లోనూ అలాగే నడవాలి. బొమ్మ వెనక నడిచే ఈ సంగీతాన్ని బీజీఎం అంటాం. దాన్ని అమర్చే ముందు లైవ్ సౌండ్, అంటే కెమెరాలో పడిన అసలు మాటలు, పూర్తిగా మూసేసేవాణ్ణి. అందులో గోల తప్ప ఏమీ ఉండదని నా నమ్మకం.

నల్లంపల్లి దగ్గర మేకలు మేపుకునే కిష్టప్ప, అతని భార్య లక్ష్మమ్మ తమ కూతురి చెవులు కుట్టిన వీడియో నాకిచ్చారు. పని పూర్తయ్యాక చూసుకోవడానికి వచ్చారు. లక్ష్మమ్మ అన్న మునిరత్నం కూడా వెంట వచ్చాడు. ఈ అన్నాచెల్లెళ్ల అమ్మ చనిపోయినప్పుడు ఆమె కమ్మలు కనపడకుండా పోయాయట. కిష్టప్ప మునిరత్నాన్ని అనుమానించాడు. ఆరేళ్లు రాకపోకల్లేవు. కానీ మేనమామ ఒడిలో కూర్చోబెట్టకుండా బిడ్డకు చెవులు కుట్టరు. అందుకని కిష్టప్పే వెళ్లి పిలిచాడు. మునిరత్నం సీరు తట్టలు, అంటే మేనమామ తేవాల్సిన కానుకల తట్టలు మోసుకుని, మేనకోడలికి కొత్త కమ్మలతో వచ్చాడు. ఈ సంగతులేవీ ఆ రోజు వరకూ నాకు తెలియవు.

వీడియోలో తట్టలతో వచ్చే మునిరత్నం ప్రతి అడుగుకూ నేను ఒక డప్పు దెబ్బ వేశాను.

"మా అన్న నడిస్తే మేళం గూడా నడస్తా ఉంది!" అని లక్ష్మమ్మ నవ్వింది.

"హీరో అంటే అట్లనే ఉంటాడు మా," అన్నాడు మునిరత్నం.

"హీరోకి పొట్ట తగ్గల్ల బావా," అన్నాడు కిష్టప్ప.

తర్వాతి షాట్‌లో కమ్మల తట్ట పక్కన మునిరత్నం నిలబడి ఉన్నాడు. అతని కళ్లు చటుక్కున కిందికి, తట్ట వైపు తిరిగాయి. సూది గుచ్చే ముందు ఉత్కంఠ ఉండాలని అక్కడ నేను వయొలిన్లను సన్నగా, కింది స్వరంలో వణికించాను.

గదిలో నవ్వు ఆగిపోయింది.

"సూసినావా ఆ చూపు?" అన్నాడు కిష్టప్ప మెల్లగా.

"ఊరికే ఉండయ్యా," అంది లక్ష్మమ్మ. కానీ అన్న ముఖం వైపు చూడలేకపోయింది.

మునిరత్నం లేచాడు. "పిలిచింది నువ్వే కదా బావా. సీరు ఎత్తుకోని వచ్చినోణ్ణి మళ్లా దొంగను జేసినావు." అంటూనే మెట్లు దిగాడు.

కిష్టప్ప నా వైపు తిరిగాడు. "బొమ్మ అబద్ధం చెప్తుందా అయ్యా?"

చెప్పదని అనబోయాను. కానీ ఆ చూపు కింద వణుకుతున్నది బొమ్మ కాదు, నేను వేసిన వయొలిన్. దాన్ని ఆపి మళ్లీ చూపించాను. ఇప్పుడది ఉత్త చూపు. నేను కత్తిరించిన భాగాన్ని తిరిగి కలిపి, లైవ్ సౌండ్ తెరిచాను. గోలలోంచి ఒక పసిగొంతు స్పష్టంగా వినిపించింది. తట్టల వెనక, కెమెరాకు అందకుండా, పాప దాక్కుని ఉందన్నమాట.

"మామా, ముందు నువ్వు కుట్టించుకో!"

తెరమీద మునిరత్నం కిందికి చూశాడు. మరుక్షణం ముఖమంతా నవ్వాడు. ఉత్కంఠకు అడ్డమని నేను తీసేసింది ఆ నవ్వునే.

"తప్పు బొమ్మది కాదు, నాది," అన్నాను. ఈ గదిలో ఆ మాట అనడం అదే మొదలు.

లక్ష్మమ్మ మెట్ల దగ్గరికి పరిగెత్తింది. "అన్నా, రాన్నా! బిడ్డ ఏమన్నిందో విను!"

అతను పైకి వచ్చాడు కానీ గుమ్మం దాటలేదు. అక్కడి నుంచే వీడియో చూశాడు. కిష్టప్ప లేచి తన కుర్చీ జరిపాడు. "కూచో బావా," అన్నాడు. కాసేపటికి మునిరత్నం కూర్చున్నాడు.

సంగీతం మనిషి మనసును చూపిస్తుందంటారు. మనసు తెలియకుండా అమరిస్తే, లేని మనసునూ అంతే నమ్మకంగా చూపిస్తుంది. అప్పటినుంచి ప్రతి వీడియోనూ లైవ్ సౌండ్‌తో మొదటి నుంచి చివరిదాకా విన్నాకే బీజీఎం జోలికి పోతున్నాను. పోయిన కమ్మలు ఎవరు తీశారో వాళ్లకు నేటికీ తెలియదు. మునిరత్నం తీశాడని చెప్పడానికి మాత్రం నా వీడియోలో సాక్ష్యం లేదు.