ధూళి లేదని రాసిన నక్షత్రం

ఆ నక్షత్రం చుట్టూ ధూళి లేదని నేను ఖండితంగా రాశాను. ముసలితనంలో ఉబ్బిపోయిన నక్షత్రాలు పైపొరలను వదిలేస్తుంటాయి. ఆ వాయువు చల్లబడి ధూళిగా మారుతుంది. విరుదునగర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పుకుంటూ, నలభై ఎనిమిదో ఏట నేను పీహెచ్‌డీకి తీసుకున్న విషయం అది. దూరదూరంగా పెట్టిన టెలిస్కోపుల వెలుగును ఒకచోట కలిపి కొలిచే పద్ధతిని ఇంటర్‌ఫెరోమెట్రీ అంటారు. అలా తీసిన పాత కొలతలు ఇంటర్నెట్‌లో దొరుకుతాయి. నాకు కరెంటు ఉంటే చాలు.

మా గైడు నాకంటే పదేళ్లు చిన్న. ఫోన్ చేసి, "అందరికీ కనిపించిన ధూళి మీకే ఎందుకు కనిపించలేదు మేడమ్?" అన్నారు.

"ఒకరిని చూసి ఒకరు రాస్తే అందరికీ కనిపిస్తుంది" అన్నాను. వ్యాసం పత్రికకు పంపేయమని ఫోన్ పెట్టేశాను. అచ్చయ్యాక తప్పని తేలితే నా పీహెచ్‌డీ అంతటితో సరి. అయినా తగ్గలేదు.

ఆ ఆదివారం కోవిల్‌పట్టిలో మా అన్న ఇంటికి వెళ్లాను. వాళ్లకు రెండు మరమగ్గాలున్నాయి. వాపసొచ్చిన చీరలను వదిన మడతపెడుతోంది.

"ఏమాయె వదినా?"

"సాయం, అదే నూలుకేసిన రంగు, పలచగా ఉండాదని తిప్పి పంపినారు. నూలును మాదిరి గుడ్డ పక్కన పెట్టి చూస్తిని, సరిగ్గానే ఉండె. ఆ మాదిరి గుడ్డే కిటికీ ఎండకు వెలిసిపోయిండాది. రెండూ వెలిసినవే అయితే ఎట్ట తెలుసును?"

"ముందు మాదిరిని చూసుకోవద్దా?"

"నీ చదువులో నువ్వు చూస్తావామ్మా?"

చూడలేదు. మేమూ ప్రతి కొలతకూ ఒక మామూలు నక్షత్రాన్ని మాదిరిగా పెట్టుకుంటాం. గాలీ పరికరాలూ ఎంత చెరిపాయో దాన్ని బట్టే సరిచేస్తాం. నా మాదిరి నక్షత్రం శుభ్రమైనదని ఎవరో పట్టికలో రాస్తే నమ్మేశాను, అందరినీ వెక్కిరించిన నేనే.

ఇంటికొచ్చి వేరే మాదిరితో లెక్క మళ్లీ చేశాను. ధూళి అందరూ చెప్పిన చోటే ఉంది. నా మొదటి మాదిరికే సొంత ధూళి ఉంది. అందుకే రెండూ ఒకలా కనిపించాయి.

గైడుకు ఫోన్ చేశాను. "వ్యాసం పంపేశారా?"

"లేదు. మీరు మళ్లీ చూస్తారనుకున్నాను."

"పంపలేదని నాకు చెప్పొచ్చుగా?"

"మీరు ఎక్కడ చెప్పనిచ్చారు మేడమ్?"

థాంక్స్ చెప్పాను. ఆ మనిషి ఓపిక వల్లే ఇవాళ నా థీసిస్ నిలబడి ఉంది. తొలి పేజీలో వారికీ, చీరల సంగతి చెప్పి వదినకూ కృతజ్ఞతలు రాశాను. వదిన అది చదివించుకుని, "చీరలు తిరిగొచ్చిన కత దేశమంతా చాటితివా" అని రెండు రోజులు మాట్లాడలేదు.