అది చావు మేళం కాదు

మా మామగారంటే నాకు పడేది కాదు. పోయినవాళ్లను ఏమీ అనకూడదంటారు. ఉన్నప్పుడు అననివ్వలేదు, పోయాక అనకూడదు, మరి ఎప్పుడనాలి?

ఆయనకు జగ్గయ్యపేటలో ఎరువుల కొట్టుండేది. నేను నందిగామ ఆడపిల్లల స్కూల్లో టీచర్‌ని. డెబ్భైల్లో రోజూ పొద్దున్నే బస్సెక్కి వెళ్లి, సాయంత్రానికి సున్నపురాయి లారీల దుమ్మంతా మొహానికి పట్టించుకుని ఇల్లు చేరేదాన్ని. ఆ ఇంట్లో అందరూ ఒకేసారి మాట్లాడేవాళ్లు. అందరి మీదుగా మామగారు మాట్లాడేవారు. నేను మొదలుపెట్టిన మాట నేనే పూర్తిచేసిన గుర్తు లేదు. మా ఆయన బెల్లం కొట్టిన రాయిలా కూర్చునేవారు.

పుట్టింటి నుంచి నేనొక రికార్డు ప్లేయరూ ఒక జాజ్ రికార్డూ తెచ్చుకున్నాను. బెజవాడ రైల్వేలో మా నాన్నతో పనిచేసిన ఆంగ్లో ఇండియన్ గార్డు ఊరొదిలి వెళ్తూ ఇచ్చినవి. అందులో వాయించేది అయిదుగురే. క్లారినెట్, ట్రంపెట్, పియానో, మనిషెత్తు ఫిడేలులాంటి బాస్, డ్రమ్ములు. కొన్ని బాణీలు కూర్చున్నచోటే కాలు ఆడించేంత హుషారుగా ఉండేవి. కొన్ని బ్లూస్, తొందరేమీ లేనట్టు నిదానంగా సాగేవి. క్లారినెట్ ఏదో చెప్పుకుంటుంటే మిగతా నలుగురూ గొంతు తగ్గించేవాళ్లు. అది చెప్పడం అయ్యాకే ట్రంపెట్ జవాబిచ్చేది. ఆ మర్యాద మా ఇంట్లో మనుషులకు లేదు.

మామగారికి క్లారినెట్ అంటే మా పేట బ్యాండు మేళమే. పెళ్లయితే హుషారు, చావైతే నిదానం. నిదానంగా వినబడిందంటే ఎవరో పోయినట్టే లెక్క. ఆయనకే కాదు, వీధి మొత్తానికీ అదే లెక్క.

ఓ వేసవి సెలవుల్లో, మంచం పట్టిన మామగారి తల్లీ నేనూ తప్ప ఇంట్లో ఎవరూ లేని సాయంత్రం, కిటికీ తీసి బ్లూస్ పెట్టాను. వసారాలో మంచం మీద ముసలావిడ నిద్రపోతోంది. కాసేపటికి ఎదురింటావిడ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని గేటు దగ్గరకొచ్చింది. ఆవిడ ఏడుపు విని పక్కింటివాళ్లు, వాళ్లను చూసి భుజాన తువ్వాళ్లతో మగవాళ్లు. నేను కంగారుగా బయటికొచ్చేసరికి, కొట్టు నుంచి వస్తున్న మామగారు గుంపును చూసి, సైకిలు రోడ్డు మీదే వదిలేసి అమ్మా అంటూ గుండెలు బాదుకున్నారు. ఆ గోలకు ముసలావిడ లేచి కూర్చుంది.

"ఎవరు పోయారే? కాస్త కాఫీ పెట్టు, తాగి నేనూ ఏడుస్తా," అంది.

వీధంతా నవ్వింది. మామగారు నవ్వలేదు. లోపలికొచ్చి ప్లేయరు ముల్లు పీకి మురిక్కాలవలో పడేశారు. శుభమా అని దీపం పెట్టే ఇంట్లో చావు మేళం వినబడితే ఊరుకోనన్నారు. అది చావు మేళం కాదు మామగారూ అని మొదలుపెట్టాను. షరా మామూలే, పూర్తిచెయ్యనివ్వలేదు.

విజయవాడ వెళ్లి ఇంకో ముల్లు కొని హ్యాండ్‌బ్యాగులో దాచుకున్నాను. ఆయన కొట్లో ఉన్నప్పుడు, కిటికీలు మూసి, దొంగతనంగా వినేదాన్ని. నా వస్తువును నా ఇంట్లో దొంగలా వినాల్సి రావడం గుర్తొస్తే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. సినిమా పాటలు నాలుగు నెలలు నచ్చి మొహం మొత్తేవి. ఇది మాత్రం మొత్తలేదు. ఉన్నది అయిదుగురే కాబట్టి ఎవరేమంటున్నారో విడిగా తెలిసేది. ఇవాళ పియానో వెంట వెళ్లినదాన్ని రేపు బాస్ వెంట వెళ్లేదాన్ని. దారి కొత్తగానే ఉండేది.

ఎనభైల్లో మామగారు పోయారు. తనను బ్యాండు మేళంతో సాగనంపాలని ఎప్పుడూ అనేవారు. తీరా ఆ రోజు పేట బ్యాండు వత్సవాయి పెళ్లికి వెళ్లింది. డప్పులవాళ్లు వచ్చారు గానీ, ఒట్టి డప్పులంటే మా ఆయన అన్న, బావగారికి నామోషీ. వంటింటి గుమ్మం దగ్గరకొచ్చి నిలబడ్డారు.

"అమ్మా, ఆ రికార్డుంది కదా, నీది. మైక్ సెట్టోడికిస్తే హారన్లో వేస్తాడు. బ్యాండు లేని లోటు తెలియదు," అన్నారు.

"అది చావు మేళం కాదని ఇన్నేళ్లుగా చెప్తున్నా. ఇవాళ అవునని ఒప్పుకోమంటారా బావగారూ?"

"పోయినాయన మీద కూడా పంతమేనా?"

"పంతమేనండి. ఉన్నప్పుడు ఒక్కసారి కూర్చుని వినుంటే నేనే తెచ్చి ఇచ్చేదాన్ని," అన్నాను.

ఆ ఇంట్లో నేను పూర్తిచేసిన మొదటి మాట అదే. మామగారు డప్పులతోనే వెళ్లారు. తోటికోడలు చాలాకాలం నాతో మాట్లాడలేదు.

పెద్దకర్మ అయి చుట్టాలంతా వెళ్లాక, కిటికీలన్నీ తీసి ఆ బ్లూసే పెట్టాను. ఎదురింటావిడ గేటు దాకా వచ్చింది.

"ఎవరూ పోలేదుగా?" అంది.

లేదన్నాను.

"అయితే కాస్త సౌండు పెంచు, మా వసారాలోకి వినపడట్లా," అంది.

ఆవిడ మీదా నాకు కోపమే. ఆ రోజు అందరికన్నా ముందు ఏడ్చింది ఆవిడే. అయినా పెంచాను.