సున్నా పడిన సరైన జవాబు

ఈ సంగతి మీద విశ్వవిద్యాలయానికి ఏడు ఉత్తరాలు రాశాను. అందులో మూడు రిజిస్టర్డ్ పోస్టులో పంపాను. అందినట్టు సంతకం పెట్టిన కార్డులు ఇప్పటికీ నా దగ్గరే ఉన్నాయి. జవాబు మాత్రం ఒక్కదానికీ రాలేదు. ఒక పత్రికకు రాస్తే, "సాంకేతిక విషయం, పాఠకులకు అర్థం కాదు" అని తిప్పి పంపారు. అర్థమవుతుందో లేదో మీరే చెప్పండి.

అది 1988. సత్తుపల్లిలో డిగ్రీ విద్యార్థులకు లెక్కలు చెప్పేవాణ్ణి, కాపురం పెనుబల్లిలో. ప్రతి ఆదివారం మా ఇంటికి ముత్తమ్మ అనే టీచరు ఆల్జీబ్రా చెప్పించుకోవడానికి వచ్చేది. ఆమెది అశ్వారావుపేట దాటాక అడవిలో ఉన్న కోయగూడెం. అక్కడి ఆశ్రమ పాఠశాలలో పనిచేస్తూనే ప్రైవేటుగా ఎమ్మెస్సీకి కట్టింది. ఆ ఏడు పాసైతే జూనియర్ లెక్చరర్ పోస్టుకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. సడలింపులన్నీ కలుపుకున్నా ఆమె వయసుకు అదే ఆఖరి అవకాశం.

ఆల్జీబ్రా పరీక్ష రాసి, బస్సు దిగి నేరుగా మా ఇంటికే వచ్చింది.

"సార్, ఐదో ప్రశ్నల తప్పున్నది."

ప్రశ్న ఏమిటో చెబుతాను. మ్యాట్రిక్స్ అంటే అడ్డంగా, నిలువుగా పేర్చిన అంకెల పట్టిక. అది బిందువులను ఒక చోటి నుంచి మరో చోటికి కదుపుతుంది. మళ్ళీ యథాస్థానానికి తేగలిగిన కదలికల సముదాయం గ్రూప్. తిరిగి తేలేని కదలికలను కూడా కలుపుకుంటే సెమీగ్రూప్. నా ఉత్తరాలు ఆ రెండో రకం. ఒక గ్రూపును మ్యాట్రిక్సులతో చూపించడమే రిప్రజెంటేషన్. అందులో ఒక భాగం తన చోటు విడిచిపోకుండా ఉంటే, మిగిలినదాన్ని కూడా అలాగే తన చోటు విడవని భాగంగా ఎప్పుడూ విడదీయవచ్చని నిరూపించమన్నారు. మామూలు సంఖ్యల్లో అది నిజమే. కానీ ఒకటీ ఒకటీ కలిస్తే సున్నా అయ్యే లెక్కలు కూడా ఉన్నాయి. వాటిని క్యారెక్టరిస్టిక్ రెండు అంటాం. అక్కడ అది నిజం కాదు. ఏ లెక్కల్లోనో ప్రశ్నలో చెప్పలేదు. "ఎప్పుడూ" అని మాత్రం రాశారు.

ముత్తమ్మ బల్ల మీద మూడు చింతగింజలు పెట్టింది.

"గీ లెక్కల సున్నా పోంగ ఉన్న బిందువులు గీ ముగ్గురే సార్. ఒకడు జాగ కదలడు. మిగిలిన ఇద్దరు జాగలు మార్చుకుంటరు. రెండుసార్లు తిప్పితే ఎవరి జాగకు వాళ్ళొస్తరు. గ్రూపే గదా? మరి కదలనోనికి జోడీగా కదలనోడు ఇంకొకడు కావాల్నంటే ఏడికెళ్ళి తెస్తరు?"

నేను నవ్వాను. అంత తేలిగ్గా చెప్పడం నాకు చేతకాదు.

"మరి ఏం రాసినవమ్మా?"

"తప్పని రాసిన. ఈ మూడు గింజల సంగతే మ్యాట్రిక్స్ ఏసి చూపిచ్చిన. తప్పుంటే తప్పనే రాయాల్నని మీరే గదా చెప్పింది."

"పుస్తకంలో రుజువు వచ్చు కదా?"

"అవ్ సార్, కండ్లు మూసుకోని రాస్త. కానీ అందుల గ్రూపు సైజుతోని భాగిస్తం. ఈడ సైజు రెండు. రెండంటే సున్నా. సున్నాతోని ఎట్ల భాగిస్తరు?"

ఫలితాలు వచ్చాయి. మిగతావన్నీ పాసు, ఆల్జీబ్రాలో మాత్రం పాసుకు నాలుగు మార్కులు తక్కువ. ఐదో ప్రశ్నకు ఇరవై మార్కులు. నేను ఆమెను వెంటబెట్టుకుని విశ్వవిద్యాలయానికి వెళ్ళాను. పరీక్షల విభాగం సూపరింటెండెంటు కట్టలోంచి పేపరు తీసి, పై అట్ట మాత్రం చూపించాడు. ఐదుకు ఎదురుగా సున్నా.

"రీకౌంటింగ్ పెట్టుకోండ్రి," అన్నాడు.

"అందులో జవాబు చదువుతారా?"

"చదువుడుండదు సార్. ఏసిన మార్కులు మళ్ళ కూడుతరు."

"వేసింది సున్నా కదా."

"మరి సున్నానే కూడుతరు." పక్క బల్ల వాళ్ళు నవ్వారు. అతను ముత్తమ్మ వైపు తిరిగాడు. "ఏందమ్మా, కీల ఉన్నట్టు రాస్తే మార్కులొస్తయి. నువ్వు పరీక్ష రాయనీకి వచ్చినవా, ప్రశ్నపత్రం దిద్దనీకి వచ్చినవా?"

కీ అంటే దిద్దేవాళ్ళకు ముందే ఇచ్చే నమూనా జవాబు.

"దిద్దేటోళ్ళు దిద్దితే నాకెందుకు సార్ ఆ పని?" అంది ముత్తమ్మ. ఈసారి ఎవరూ నవ్వలేదు. పేపరు మాత్రం కట్టలోకి పోయింది.

పోస్టుల గడువు దాటిపోయింది. మరుసటి ఏడు ఆమె ఆ ఒక్క పేపరు మళ్ళీ రాసింది. అదే ప్రశ్న, అక్షరం మారకుండా వచ్చింది. నా మొదటి ఉత్తరం అప్పటికే వాళ్ళకు అంది ఏడు నెలలైంది.

"ఏం రాసినవమ్మా?" అన్నాను.

"పుస్తకంల ఉన్నదే రాసిన సార్," అంది తల వంచుకుని. "సున్నాతోని భాగించిన."

పాసైంది. పట్టా చేతికొచ్చిన రోజు స్వీటు పొట్లంతో మా ఇంటికి వచ్చి, కాసేపు కూర్చుని ఒక మాట అడిగింది. "మా బడి పిల్లలకు ఇప్పుడేం చెప్పాలె సార్? తప్పుంటే తప్పని రాయమనాల్నా, కీల ఏమున్నదో కనుక్కోమనాల్నా?"

ఇరవై ఆరేళ్ళు పాఠాలు చెప్పాను. తప్పని రాయమన్నది నేను. నా మాట విన్నందుకు పోయింది ఆమె లెక్చరర్ అవకాశం. అప్పటి నుంచి ఏ పేపరు దిద్దినా ముందు జవాబు చదువుతాను, ఆ తర్వాతే కీ తెరుస్తాను. నాకు తెలిసొచ్చింది ఇంతే. వాళ్ళకు ఏం తెలిసొచ్చిందో నాకు తెలియదు.

మార్కులు ఇవ్వమని అడగడం లేదు. పోయిన పోస్టు ఎలాగూ తేలేరు. ముత్తమ్మ ఇప్పటికీ ఆ ఆశ్రమ పాఠశాలలోనే ఎక్కాలు చెబుతోంది. దీన్నే నా ఎనిమిదో ఉత్తరం అనుకోండి. ఆ పేపరు దిద్దినవారైనా, కీ రాసినవారైనా, మీలో ఎవరో ఒకరు చెప్పండి: 1988లో ఐదో ప్రశ్నకు ఆమె రాసిన జవాబు ఒప్పా, తప్పా? ఒక్క మాట చాలు. కింద మీ సంతకం ఉండాలి.